నాన్న పన్ను, స్టెంట్ మాత్రలు, చేపనూనె క్యాప్సూల్స్: నా అనుభవం

మా నాన్నకు గుండెకు స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు. ఇంతలోనే కింది దవడలో చివరి పన్ను పుచ్చిపోయి, బుగ్గ వాచి, రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేసింది. పీకించక తప్పదన్నారు. మేముండేది కర్నూలులో, డాక్టర్లకు కొదవ లేదు. ఎన్.ఆర్. పేటలో ఏ సందులోకి తిరిగినా ఒక ఆస్పత్రి బోర్డు కనబడుతుంది. అయినా ఆ ఒక్క పన్ను కోసం మేం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. నాన్న రోజూ రక్తం పల్చబడే మాత్రలు రెండు వేసుకుంటారు. వాటికి తోడు అమెరికా నుంచి మా బావ తెచ్చిన చేపనూనె క్యాప్సూల్స్ కూడా మింగుతున్నారు. ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి జరిగింది వివరంగా రాస్తున్నాను.

మొదట వెళ్ళిన పళ్ళ క్లినిక్‌లో ఏమేం మందులు వాడుతున్నారని అడిగారు. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 అని చెప్పి, సంచిలోంచి చేపనూనె సీసా కూడా తీసి బల్ల మీద పెట్టాను. సీసా చూడగానే ఆయన, "ఇది కూడా రక్తాన్ని పల్చన చేస్తుందమ్మా. మూడూ వారం రోజులు ఆపేసి రండి, పీకేద్దాం" అన్నారు. మెడికల్ షాపు అతన్ని అడిగితే అతనూ అదే మాట. నాన్న నొప్పికి ఓర్చుకోలేక, "వారమే కదమ్మా, ఆపేద్దాంలే" అన్నారు.

నాకు మనసొప్పలేదు. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో, గుండె డాక్టర్‌ను అడగకుండా ఈ మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దని పెన్నుతో గీత గీసి మరీ రాసిచ్చారు. ఆ ఫైలు పట్టుకుని, చేపనూనె సీసాతో సహా నాన్నను గుండె డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన విని కోప్పడలేదు, కానీ చాలా గట్టిగా చెప్పారు. "స్టెంట్ అంటే రక్తనాళంలో ఉన్న లోహపు జాలీ. దాని మీద లోపలి పొర పూర్తిగా కప్పుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ రెండు మాత్రలే. పన్ను దగ్గర రక్తం కారితే ఒత్తి ఆపొచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటే. పన్ను కోసం వీటిని ఆపొద్దు." మరి చేపనూనె సంగతేమిటని అడిగాను. సీసా తిప్పి వెనక చీటీ చదివారు. ముందు వైపు 1000 మిల్లీగ్రాములని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. రక్తం మీద పనిచేసే ఒమేగా-3 కొవ్వులు, అంటే ఈపీఏ, డీహెచ్‌ఏ ఎంత ఉన్నాయో వెనక చిన్నక్షరాల్లో రాస్తారు. మా సీసాలో ఒక్కో క్యాప్సూల్‌కు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. నాన్న రోజుకు నాలుగు మింగుతున్నా కలిపితే 1200 మిల్లీగ్రాములే. ఆ మోతాదుకు పన్ను పీకడం ఆపాల్సిన పని లేదని, అయినా మీకు భయంగా ఉంటే క్యాప్సూల్స్ మానుకోవచ్చని, వాటిని మానితే నష్టమేమీ లేదని చెప్పారు. మాత్రలు కొనసాగించి పన్ను పీకవచ్చని ఒక ఉత్తరం రాసిచ్చారు. రెండో పళ్ళ డాక్టర్ దగ్గర ఆ ఉత్తరమే మాకు పనికొచ్చింది.

ఆమె ఉత్తరం చదివి ఒప్పుకున్నారు. బీటీ, సీటీ అనే రక్త పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు. ఆపరేషన్లకు ముందు ఈ పరీక్షలు రాయడం మన దగ్గర మామూలే. కానీ అవి ఎలా చేస్తారో నేను దగ్గరుండి చూడటం అదే మొదలు. ల్యాబ్ అమ్మాయి నాన్న వేలి కొసను సూదితో గుచ్చి, గడియారం చూస్తూ సగం నిమిషానికోసారి ఫిల్టర్ పేపర్ అంచును ఆ రక్తపు బొట్టుకు తాకించింది. కాగితం మీద ఎర్రటి చుక్కలు వరసగా పడ్డాయి. మొదటిది పెద్దది, తర్వాతవి ఒక్కోటీ చిన్నదవుతూ వచ్చి, చివరికి కాగితానికి ఏమీ అంటలేదు. అది బీటీ, అంటే రక్తం కారడం ఆగడానికి పట్టే సమయం. ఆ తర్వాత మళ్ళీ గుచ్చి, వెంట్రుకవాసి సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించింది. కాసేపటికోసారి ఆ గొట్టాన్ని చిన్న ముక్క విరుస్తూ పోయింది. కొన్ని ముక్కల దాకా టప్పున విరిగిపోయాయి. ఒక ముక్క విరిచి మెల్లగా దూరం జరిపితే, రెండు కొసల మధ్య సన్నటి ఎర్రటి దారం సాగింది. ఆ దారమే ఫైబ్రిన్. అది కనబడిన సమయమే సీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం.

రిపోర్టులో నాన్న సీటీ మామూలుగానే ఉంది. బీటీ మాత్రం కాస్త ఎక్కువ వచ్చింది. ఒకటి మామూలుగా ఉండి ఇంకొకటి ఎందుకు పెరిగిందో అర్థం చేసుకుంటే చేపనూనె సంగతి సగం తెలిసిపోతుంది. కేసీ కెనాల్ కట్టకు గండి పడితే ముందు మట్టి మూటలు వేసి నీళ్ళు ఆపుతారు, తర్వాత రాళ్ళు పేర్చి కట్టను గట్టి చేస్తారు. గాయమైనప్పుడు శరీరం చేసేదీ అంతే. డెంగీ వచ్చినప్పుడు అందరి నోటా వినబడే ప్లేట్‌లెట్లు మొదట వచ్చి గాయం దగ్గర అతుక్కుని గుంపుగా చేరతాయి. ఆ తర్వాత ఫైబ్రిన్ దారాలు వాటి చుట్టూ అల్లుకుని గడ్డను గట్టి చేస్తాయి. బీటీలో కనబడేది మొదటి పని, సీటీలో కనబడేది రెండోది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, చేపనూనె మూడూ మొదటి పని మీదే, అంటే ప్లేట్‌లెట్ల మీదే ప్రభావం చూపుతాయి.

ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాన్ని అవి తమ పొరలో ఉండే అరకిడోనిక్ యాసిడ్ అనే కొవ్వు నుంచి తయారు చేసుకుంటాయి. చేపనూనె రోజూ తింటే ఆ కొవ్వు స్థానంలో కొంత ఈపీఏ వచ్చి చేరుతుంది. దాని నుంచి తయారయ్యే థ్రాంబాక్సేన్‌కు ప్లేట్‌లెట్లను గుంపు చేసే శక్తి చాలా తక్కువ. ఆస్పిరిన్ అలా కాదు. థ్రాంబాక్సేన్ తయారు చేసే ఎంజైమునే ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, పనిచేయకుండా కట్టేస్తుంది. క్లోపిడోగ్రెల్ ఇంకో తోవలో అడ్డుపడుతుంది. ఈ రెండూ వేసుకుంటున్న మనిషికి చేపనూనె అదనంగా చేసేది చాలా కొద్ది.

చేపనూనె రక్తాన్ని పల్చన చేస్తుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని తర్వాత వెతికి చదివాను. 1970ల్లో బాంగ్, డైర్‌బర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు గ్రీన్‌ల్యాండ్ వెళ్ళి, సీల్, తిమింగలం, చేపల మీదే బతికే ఇన్యూట్ ప్రజల రక్తం పరీక్షించారు. వాళ్ళలో గుండెపోటు తక్కువని అప్పట్లో అనుకునేవారు. డెన్మార్క్ వాళ్ళతో పోలిస్తే వాళ్ళ బ్లీడింగ్ టైమ్ ఎక్కువగా ఉందని 1979లో ప్రచురించారు. నాన్న వేలి మీద కొలిచిందీ అదే. కానీ వాళ్ళు తిన్నది పూటపూటా సముద్రపు తిండి, నాలుగు క్యాప్సూల్స్ కాదు. పైగా బీటీ పెరిగినంత మాత్రాన ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోతుందని చెప్పలేమని ఆ తర్వాత తేలింది. గుండె డాక్టర్ కూడా, "ఈ మాత్రలు పనిచేస్తుంటే బీటీ పెరగకుండా ఎట్లుంటుంది, ఆ కాగితం చూసి బెదరొద్దు" అన్నారు.

నాకు ధైర్యమిచ్చింది 2018లో వచ్చిన ఇంకో ఫలితం. అమెరికా, ఇటలీ, అర్జెంటీనాల్లో గుండె ఆపరేషన్ చేయించుకున్న 1516 మందిలో కొందరికి ఆపరేషన్‌కు ముందూ వెనకా చేపనూనె, మిగతా వాళ్ళకు ఆలివ్ నూనె ఇచ్చి చూశారు. చేపనూనె తీసుకున్న వాళ్ళకు రక్తస్రావం పెరగలేదు. గుండె ఆపరేషన్‌లోనే పెరగనిది పన్ను దగ్గర పెరుగుతుందా! అయితే డాక్టర్లు రాసే పెద్ద మోతాదు మందుల విషయం వేరు. రోజుకు 4 గ్రాముల శుద్ధమైన ఈపీఏ ఇచ్చిన ఒక పెద్ద పరిశోధనలో తీవ్రమైన రక్తస్రావం 2.7 శాతం మందికి, ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్న వాళ్ళలో 2.1 శాతం మందికి జరిగింది. గుండె లయ తప్పి ఆస్పత్రిలో చేరడం కూడా పెరిగింది. అందుకే మోతాదు ఎంతో చీటీ చదవకుండా మంచిదనో చెడ్డదనో తేల్చేయడం నాకు నచ్చదు.

పన్ను పీకడం పొద్దున పూటే పెట్టుకున్నాం, రక్తం ఆగకపోతే పగలే చూసుకోవచ్చని. మాత్రలు రెండూ వేసుకునే వెళ్ళారు. పీకాక గుంతలో రక్తం ఆగడానికి సాయపడే స్పాంజి పెట్టి, రెండు కుట్లు వేసి, గాజ్ గుడ్డ మడిచి గట్టిగా కరిచి పట్టుకోమన్నారు. అరగంట తర్వాత చూస్తే ఇంకా కొద్దిగా ఊరుతోంది. రక్తం ఆగడానికి వాడే ట్రానెక్సమిక్ యాసిడ్ మందులో తడిపిన కొత్త గాజ్ పెట్టి ఇంకాసేపు కూర్చోబెట్టారు. ఈసారి ఆగింది. ఆ రోజంతా పుక్కిలించొద్దని, ఉమ్మొద్దని, వేడివి తాగొద్దని, నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వేసుకోవద్దని చెప్పి పంపారు. ఐబుప్రొఫెన్ లాంటివి కూడా ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయట. రాత్రి దిండు మీద ఒక చిన్న మరక పడింది, అంతే. మర్నాటికి చల్లారిన రాగి సంగటి మజ్జిగలో కలుపుకుని తాగారు.

క్యాప్సూల్స్ మాత్రం మళ్ళీ మొదలుపెట్టలేదు. షుగరు ఉన్న 15,480 మందికి రోజుకొక క్యాప్సూల్ చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చి చూసినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని 2018లోనే తేలింది. నాన్నకూ షుగరుంది. వాటికి బదులు వారానికి రెండుసార్లు చేపలు తినమన్నారు డాక్టర్. మనకు దొరికే బొచ్చె, రోహు లాంటి మంచినీటి చేపల్లో ఈ కొవ్వులు తక్కువ. కవళ్ళు, కానాగంతల్లాంటి సముద్రపు చేపల్లో ఎక్కువ. ఐసులో వచ్చినవి దొరికినప్పుడు తెచ్చి, వేపుడు కాకుండా పులుసు పెడుతున్నాం.

మిగిలిన సీసా మా చిన్నమ్మ అడిగింది. నేనివ్వలేదు. ఆమెకు గుండెలో మెకానికల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వేసుకుంటుంది. అది ఫైబ్రిన్ వైపు పనిచేసే మందు, దాని లెక్క ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్షలో తేలుతుంది; అంకె పెరిగే కొద్దీ రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోందని అర్థం. ఆ మందు కోవకే చెందిన వార్ఫరిన్ వాడుతున్న వాళ్ళకు చేపనూనె ఇచ్చి చూసిన పరిశోధనల్లో పెద్ద తేడా కనబడలేదు. కానీ క్యాప్సూల్స్ రెట్టింపు చేసుకున్న ఒకామెకు ఐఎన్‌ఆర్ 2.8 నుంచి 4.3కు ఎగబాకిందని 2004లో ఒక కేసు రాశారు. ఈ నెల పరీక్షకు పోయినప్పుడు డాక్టర్‌కు సీసా చూపించి అడగమన్నాను. ఆయన సరేనంటే, మొదలుపెట్టిన వారానికే మళ్ళీ ఐఎన్‌ఆర్ చేయించాలని కూడా చెప్పాను.