గబ్బిలం పిల్ల ఎట్లా వింటుంది?

నేను కర్నూలులో ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. ఈమధ్య గబ్బిలం పిల్లల వినికిడి గురించి చదువుతున్నాను. పక్కన పెట్టబుద్ధి కావడం లేదు.

గబ్బిలం అరిచి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం పసిగడుతుంది. మీటరు దూరంలో పురుగుంటే దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ లెక్క కుదరాలంటే గాలిలో శబ్దం వేగం తెలియాలి కదా, అది పెరుగుతూ నేర్చుకుంటుందా? ఇజ్రాయెల్‌లో ఎరాన్ అమిచాయ్, యోసి యోవెల్ అనే పరిశోధకులు కొన్ని గబ్బిలం పిల్లల్ని పుట్టినప్పటి నుంచి హీలియం కలిపిన గాలిలో పెంచారు. అందులో శబ్దం వేగంగా పోతుంది. అక్కడే పెరిగినా వాటి లెక్క మారలేదు. దిగాల్సిన చోటు ఉన్నదానికన్నా దగ్గరే అనుకున్నాయి. ఆ వేగం ఎంతో పుట్టుకతోనే తెలిసి ఉంటుందని 2021లో తేల్చారు.

గొంతు మాత్రం వినికిడి మీద ఆధారపడుతుంది. మన దక్షిణాదిలో, శ్రీలంకలో ముక్కు మీద గుర్రపు లాడం ఆకారంలో చర్మం ఉండే గబ్బిలం ఒకటుంది. పెద్దవి 70 కిలోహెర్ట్జ్ పైన అరుస్తాయి. మనకు 20 దాటితే వినపడదు. పిల్ల గొంతు పెద్దవాటి కన్నా కింద మొదలై వారాల మీద పైకి పోతుంది. మెదడులో ఆ ప్రతిధ్వనుల కోసమే ఉన్న భాగం కూడా గొంతుతో పాటే పై శ్రుతికి మారుతుంది. వినికిడి పోగొట్టిన పిల్లలు కూడా అరిచాయి, కానీ వాటి గొంతు సరైన శ్రుతిలో నిలవలేదు. రూబ్సామెన్, షేఫర్ అనే పరిశోధకులు 1990లో చూపించిన సంగతి ఇది.

ఇది చదివినప్పుడు నాకు మా దగ్గరికి వచ్చే తల్లులే గుర్తొచ్చారు. ఆదోని నుంచి రెండేళ్ళ పాపను తీసుకొచ్చిన ఒకామె, "మూణ్ణెల్లప్పుడు బాగానే ఊ కొడుతుండె మేడం. వాళ్ళ నాయన కూడా లేటుగానే మాట్లాడినాడంట" అంది. ఆమె తప్పేం లేదు. పుట్టు చెవుడున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది. తన గొంతు తనకు వినపడనందువల్ల "బబబ, దదద" అనే దశ ఆలస్యమవుతుంది. ఇంట్లో అనుమానం వచ్చేసరికి చాలా కాలం గడిచిపోయి ఉంటుంది.

వినికిడి పరీక్ష పెద్ద పని కాదు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి టిక్ టిక్ శబ్దాలు పంపుతాం. కాక్లియా (లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే నత్తగుల్ల లాంటి భాగం) బాగుంటే లోపలి నుంచి సన్నటి శబ్దం తిరిగొస్తుంది, మైకు దాన్ని పట్టుకుంటుంది. కొన్ని నిమిషాలు చాలు. నెలలోపు ఈ పరీక్ష, తేడా ఉంటే 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు వినికిడి మిషన్ లేదా చికిత్స మొదలు కావాలి. కాన్పైన ఆసుపత్రిలోనే అడగండి.