దిబ్బ రొట్టె అప్‌డేట్: అడుగు ఓకే, పైన ఓకే, మధ్యలో మాత్రం అదే బంక

దిబ్బ రొట్టెకి (మినప్పిండి, బియ్యం రవ్వ కలిపి మూకుట్లో లావుగా కాల్చేది) మళ్ళీ మధ్యలో బంకే వచ్చింది. అంచులు కరకరలాడాయి, అడుగు రంగు ఎలా రావాలో అచ్చం అలాగే వచ్చింది, పైన కూడా చక్కగా ఆరింది, కత్తి దిగుతున్నప్పుడు ఆ చప్పుడు విని ఈసారి కొట్టేసాం అనుకున్నా, తీరా ముక్క పక్కకి లాగితే నడిమధ్యలో అడ్డంగా ఒక చార, తడిగా మెరుస్తూ, సినిమా పోస్టర్లు అంటించే మైదా బంకలాగా. వేలు పెడితే అంటుకుంటోంది. స్కేలు పెట్టి కొలిచా, 9 మి.మీ. ఉంది. రొట్టె మధ్యలో 5 సెం.మీ. ఎత్తుంటుంది కాబట్టి ఆ చార తీసి పక్కన పెట్టి మిగతాది తినొచ్చు, తిన్నాం కూడా, ఆవకాయ వేసుకుని మరీ తిన్నాం, కానీ కడుపు నిండడం కాదు కదా ఇక్కడ లెక్క.

మిగతా వంటల సంగతి గబగబా చెప్పేస్తా. మజ్జిగ పులుసు ఇప్పుడు విరగట్లేదు, శనగపిండి మానేసి నానబెట్టిన శనగపప్పు, గుప్పెడు బియ్యం, కొబ్బరి, అల్లం కలిపి రుబ్బి పోస్తున్నా. టమాటా పప్పు ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో టేబుల్ మీద ఉంటోంది. అల్లం పచ్చడి సెట్ అయిపోయింది, దాన్నింక కెలకను. వంకాయ ఉల్లికారానికి ప్యాకెట్ కారం ఆపేసి గుంటూరు సన్నాలు వేయించి దంచడం మొదలుపెట్టా, తేడా చెప్పక్కర్లేదు. అంతే, ఇప్పుడు అసలు గొడవకి వద్దాం.

నా కొలతలు ఇవి, వీటిల్లో ఒక్కోసారి ఒక్కటే మారుస్తున్నా, లేకపోతే దేనివల్ల ఏమైందో ఎప్పటికీ తేలదు. మినప గుళ్ళు 200 గ్రాములు, రవ్వ 400 గ్రాములు, ఉప్పు 12 గ్రాములు, జీలకర్ర ఒక చెంచా. పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు 90 మి.లీ., దాటనివ్వను, గారెల పిండి కంటే ఒక్క పిసరు పల్చన. రవ్వ కడిగి నానబెట్టి చేత్తో గట్టిగా పిండి కలుపుతా. మొత్తం కలిపి కిలో మీద ఇంకో 50 గ్రాములు తూగుతుంది. 24 సెం.మీ. పోత ఇనప మూకుడు, నూనె 60 మి.లీ. కలిపిన పిండి రెండు గంటలు పక్కన పెడతా అంతే, రాత్రంతా పులియబెట్టమని చెప్పేవాళ్ళున్నారు గానీ నా మటుకు అలా చేస్తే అది లావుపాటి ఇడ్లీ, రొట్టె కాదు, దీని మీద ఎవరితో అయినా వాదిస్తా. నూనె కూడా పప్పు నూనె (నువ్వుల నూనె) వేస్తేనే ఆ వాసన, రిఫైండ్ వేసి ఒకసారి చేసా, మా ఇంట్లో ఎవరూ రెండో ముక్క అడగలేదు.

మొదట్లో చిన్న బర్నర్ మీద సిమ్‌లో స్టీలు మూత పెట్టి చేసేవాణ్ణి, అందరూ చెప్పేది అదే కదా, సన్న సెగ మీద మూత పెట్టి అరగంట. అరగంట తర్వాత సూది థర్మామీటర్ మధ్యలో గుచ్చితే 74 డిగ్రీలు. ఇడ్లీ ఆవిరి మీద ఉడికాక గుచ్చి చూస్తే 95 పైన చూపిస్తుంది, నేను దాన్నే లెక్కగా పెట్టుకున్నా. బియ్యంలో పిండి రకాన్ని బట్టి సుమారు 55 – 80 మధ్య ఉడకడం మొదలవుతుంది, అంటే 74 దగ్గర ఆపేస్తే మొదలైంది గానీ పూర్తి అవలేదు, సరిగ్గా అక్కడే బంకలా ఉంటుంది. సరే ఇంకో పావుగంట ఉంచుదాం అంటే అప్పటికే అడుగున రూపాయి బిళ్ళంత మేర నల్లబడిపోతోంది. తిప్పేసి రెండో వైపు 12 నిమిషాలు ఉంచినా లోపల 80 దాటలేదు. విచిత్రం ఏంటంటే బంక సరిగ్గా సగానికి ఉండదు, తిప్పకముందు పైన ఉన్న వైపు నుంచి ఓ ఒకటిన్నర సెం.మీ. లోపల మొదలవుతుంది. ఎప్పుడు కోసినా అక్కడే. అంటే కింద నుంచి వేడి అక్కడిదాకా వచ్చేలోపు అడుగు అయిపోతోంది, పైనుంచి వచ్చే వేడి చాలట్లేదు.

వేడిగా కోస్తే బాగా ఉడికినది కూడా బంకగానే అనిపిస్తుంది, ఆ సంగతి తెలుసు, అందుకే దించాక జల్లెడ మీద 15 నిమిషాలు ఆరనిచ్చాకే కోస్తున్నా. కాబట్టి ఆ సలహా ఇవ్వబోయేవాళ్ళు ఆగండి.

అడుగు కాపాడదామని మూకుడు కింద పాత దోసె పెనం పెట్టా. మూకుడు లోపలి గోడ మీద థర్మామీటర్ గన్‌తో చూస్తే డైరెక్ట్ సిమ్‌లో 195 – 200 ఉండేది, పెనం పెట్టాక 150కి పడింది (గన్ నూనె రాసిన నల్ల ఇనుము మీద బానే చూపిస్తుంది, మెరిసే స్టీలు మీద పెడితే నోటికొచ్చింది చెప్తుంది, దాన్ని నమ్మకండి). 50 నిమిషాలు ఉంచితే లోపల 89 వచ్చింది, సంతోషం, కానీ అడుగు తెల్లగా పాలిపోయి తోలులా సాగింది. దిబ్బ రొట్టెకి ఆ ఎర్రటి చెక్క లేకపోతే ఇంక దేనికి చేసుకోవడం? పైగా బంక పూర్తిగా పోలేదు కూడా, 6 మి.మీ. ఉంది ఇంకా.

తర్వాత నీళ్ళ మీద పడ్డా. రుబ్బేటప్పుడు 90 బదులు 50 మి.లీ. పోసా. గ్రైండర్ మూలిగింది. బంక కొంచెం తగ్గింది గానీ పైన పగుళ్ళు వచ్చి అంచు 2 సెం.మీ. మేర రాయి అయిపోయింది, మా నాన్నగారు ఏమీ అనకుండా అంచులు తీసి చారులో వేసుకున్నారు. నీళ్ళు తగ్గించడం దారి కాదు అని అక్కడితో తేల్చేసా.

రవ్వ దగ్గర మాత్రం ఏదో ఉంది. షాపుల్లో ఇడ్లీ రవ్వ అని దొరికేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం రవ్వ, అది ముందే ఒకసారి ఉడికి ఎండిన బియ్యం కాబట్టి నీళ్ళు ఎక్కువ లాగుతుంది, నా త్రాసు మీద 400 గ్రాముల రవ్వ పిండాక 580 అయింది. అదే పచ్చి బియ్యం రవ్వ అంతే సేపు నానబెట్టి అంతే గట్టిగా పిండితే 540. ఆ 40 గ్రాముల నీళ్ళు ఎక్కడికి పోతాయి, లోపలే కదా కూర్చుంటాయి. పచ్చి బియ్యం రవ్వతో చేసినప్పుడు లోపల 86 దగ్గర ఆపినా బంకలా కాకుండా కాస్త పలుకుగా, పొడిపొడిగా ఉంది. ఉడకలేదు, కానీ అంటుకోలేదు. అంటే జిగురుకి రవ్వ సగం కారణం, వేడి సగం కారణం అని నా అంచనా. ఒక ప్యాకెట్ రవ్వలో అయితే సగానికి సగం పిండే ఉంది, జల్లెడ పడితే తెలిసింది, దానితో వచ్చిన బంక రికార్డు, 14 మి.మీ. బ్రాండ్ పేరు ఎందుకులెండి, జల్లెడ పట్టి వాడుకోండి ఏదైనా.

మిక్సీ వర్సెస్ గ్రైండర్ కూడా చూసా. అల్ట్రా గ్రైండర్‌లో అరగంట తిరిగిన పిండి లీటరు 850 గ్రాములే తూగింది, అంత గాలి పట్టింది. మా ప్రీతి మిక్సీలో ఐస్ నీళ్ళు పోసి తిప్పితే లీటరు 970. మిక్సీ పిండి రొట్టె గట్టిగా, బంక ఇంకా చిక్కగా వచ్చింది. మిక్సీని ఏమీ అనను, చట్నీలకి, పొడులకి దాన్ని మించింది లేదు, పదేళ్ళు వాడినా ఒక్క జార్ బ్లేడ్ తప్ప ఏమీ మార్చలేదు, కానీ మినప్పప్పు మాత్రం రాతి మీదే నలగాలి. గాలి ఎక్కువున్న పిండిలో వేడి నెమ్మదిగా పాకుతుందేమో అని ఒక డౌట్ ఉండేది, అలా ఏమీ కనిపించలేదు, రెండిట్లోనూ అరగంటకి ఒకటి రెండు డిగ్రీలే తేడా.

ఇంక మిగిలింది మూత. ఇక్కడే మా మేనత్త సీన్‌లోకి వచ్చింది. వాళ్ళది భీమవరం దగ్గర పల్లెటూరు, ఫోన్లో ఈ డిగ్రీలన్నీ చదివి వినిపిస్తే చివరిదాకా విని "ఏరా, మూత మీద నిప్పులేవిరా?" అంది. "గ్యాస్ స్టవ్ అత్తా, నిప్పులెక్కడివి" అంటే "అయితే రెండు వేళ్ళ మందం పోసుకుని తిను, నీకెందుకురా అంత దిబ్బ" అని పెట్టేసింది. నిజమే, పాలకొల్లు మారుతి క్యాబిన్ లాంటి చోట్ల ఆ రొట్టె అంత లావున ఉండి కూడా లోపల దూదిలా ఉడుకుతుందంటే పైనా కిందా నిప్పుల సెగ ఉండబట్టే. మందం రెండింతలైతే వేడి మధ్యకి చేరడానికి టైం దాదాపు నాలుగింతలు పడుతుంది, అదే రెండు వైపుల నుంచీ వేడి వస్తే ఒక్కో వైపు నుంచి సగం దూరమే, అంటే పావు వంతు టైం. 5 సెం.మీ.ని ఒక్క వైపు నుంచే ఉడికించాలనుకోవడం దగ్గరే అసలు తిరకాసంతా. అత్త చెప్పినట్టు 2.5 సెం.మీ. చేసా, మొదటిసారికే అద్భుతంగా వచ్చింది, 95 డిగ్రీలు, బంక లేదు. దాని గురించి రాయడానికి ఇంకేం లేదు.

నాకు మాత్రం దిబ్బే కావాలి.

స్టీలు మూతతో ఇంకో తలనొప్పి, ఆవిరి పైకెళ్ళి చల్లబడి చినుకుల్లా మళ్ళీ పిండి మీదే పడుతుంది. మూతకి లోపల పంచె గుడ్డ కడితే చినుకులు ఆగాయి, వేడి మాత్రం పెరగలేదు. అందుకని లాడ్జ్ 26 సెం.మీ. స్కిల్లెట్ ఒకటి ఉంటే (బరువు దంచేస్తుంది గానీ దాన్ని మించిన ఇనుము నేను వాడలేదు, దోసెలకి కూడా అదే) దాన్ని పక్క బర్నర్ మీద 230కి కాల్చి మూతలా బోర్లించా. 12 నిమిషాలకే పైభాగం గట్టిపడింది. ప్రతి పది నిమిషాలకీ తీసి మళ్ళీ కాల్చి పెట్టడం, చేతులకి మందపాటి గుడ్డలు, కిచెన్ అంతా పొగ, చిమ్నీ ఫుల్ స్పీడు, మా ఆవిడ తలుపేసుకుని హాల్లో కూర్చుంది. 38 నిమిషాలకి మధ్యలో 91. పైన అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా ఎర్రబడింది. ఆశ పుట్టింది. నిన్న కోసింది ఆ రొట్టే.

9 మి.మీ. బంక. 91 డిగ్రీల దగ్గర. ఇదే నాకు మింగుడు పడట్లేదు. పెనం పెట్టి చేసినప్పుడు 89కే 6 మి.మీ. ఉంటే, ఇప్పుడు 91కి 9 ఎందుకుండాలి? రెండిట్లోనూ అదే ఇడ్లీ రవ్వ, అవే నీళ్ళు. ఒక గెస్ ఏంటంటే, సూది నేను మూకుడు నడిమధ్యలో గుచ్చుతున్నా, బంక గుండ్రంగా రింగులా మధ్య నుంచి 4 సెం.మీ. దూరంలో ఎక్కువగా ఉంది, నడుమ తక్కువ. స్కిల్లెట్ సమంగా ఉంటుంది, రొట్టె పైన కొంచెం ఉబ్బుతుంది, కాబట్టి ఉబ్బిన చోట ఇనుము దగ్గరగా ఉండి చుట్టూ దూరం అవుతోంది. ఇంకో గెస్, 89 వచ్చిన రోజు 50 నిమిషాలు పొయ్యి మీదుంది, నిన్న 38 నిమిషాలే. డిగ్రీ ఒక్కటే కాదేమో, ఆ వేడిలో ఎంతసేపు ఉందన్నది కూడా లెక్కేమో, అన్నం ఉడికాక మూత పెట్టి మగ్గనిచ్చినట్టు. రెండో గెస్ మీదే నాకు ఎక్కువ నమ్మకం, ఎందుకంటే పొద్దున మిగిలిన ముక్కని మూత పెట్టి సన్న సెగ మీద పావుగంట వెచ్చబెడితే బంక సగం తగ్గింది. కారప్పొడి, నెయ్యితో అది నిన్నటికంటే బావుంది, అదొక ఏడుపు.

ఇక నెక్స్ట్. పచ్చి బియ్యం రవ్వ మీదే చేస్తా ఇకనుంచి, ఊరి నుంచి స్వర్ణ బియ్యం తెప్పించి కడిగి ఆరబెట్టి మిల్లులో రవ్వ పట్టిద్దామని ఉంది, ఇక్కడ మా కూకట్‌పల్లిలో పిండి మరవాడు ఐదు కిలోలకి తక్కువైతే మెషిన్ ఆన్ చేయనంటాడు, సరే ఐదు కిలోలే. అడుగు ఎర్రబడేదాకా స్టవ్ మీద 25 నిమిషాలు, తర్వాత మూకుడుతో సహా ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 దగ్గర పై రాడ్, కింద రాడ్ రెండూ వేసి అరగంట, సూది ఈసారి మధ్యలో ఒకటి, 4 సెం.మీ. పక్కన ఒకటి. మూకుడు చెవులు ఓటీజీ తలుపుకి తగులుతాయేమో కొలవాలి, లోపల 33 సెం.మీ. వెడల్పుంది, చెవులతో కలిపి మూకుడు 32 పైచిలుకు, చచ్చీ చెడీ పట్టేలాగే ఉంది.

అదీ కాకపోతే సంక్రాంతికి అత్త వాళ్ళింట్లో కుంపటి ఖాళీగానే ఉంటుంది, కొబ్బరి చిప్పల బొగ్గులు అక్కడ కావలసినన్ని. థర్మామీటర్ గన్ బ్యాగ్‌లో వేసుకెళ్తా, నిప్పుల మూత ఎన్ని డిగ్రీలుంటుందో కొలవాలని ఎప్పట్నుంచో ఉంది. రొట్టెలోకి చెరుకు పానకం కూడా ఒక సీసా తెచ్చుకోవాలి, ఇక్కడ దొరికేది బెల్లం కరిగించి అమ్ముతున్నట్టుంది. ఎవరైనా గ్యాస్ మీద 5 సెం.మీ. రొట్టె బంక లేకుండా తీసుంటే మూత ఏది పెట్టారో, ఎన్ని నిమిషాలో కింద రాయండి, "సన్న సెగ మీద" అని మాత్రం రాయకండి ప్లీజ్.