కంచకు పట్టా ఉండదు: పునరావాస జాబితాలో మా మేత భూమి ఎక్కిన వైనం

మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఎత్తిపోతల జలాశయం కింద మా ఊరు మునుగుతుందని ఖాయమైన తరువాత, సర్వే బృందం ఇంటింటికీ తిరిగి పట్టా భూమి ఎంత, ఇంటికి గదులు ఎన్ని, చెట్లు ఎన్ని, బోరు ఉందా లేదా అని రాసుకుంది. మాది కురుమ కుటుంబం. పట్టా ఎకరంన్నర దాటదు, గొర్లు మాత్రం వందకు పైన ఉండేవి, అవి మేసేది కంచలో, అంటే ఊరి ఉమ్మడి మేత బీడులో. "మరి నా గొర్లు మేసే కంచ సంగతేంది సారూ?" అని నాయిన అడిగితే, అది సర్కారు భూమి పెద్దాయనా, దానికి మీకు పరిహారం రాదని సర్వేయరు మర్యాదగానే చెప్పాడు. చట్టం ప్రకారం ఆయన మాట సగమే నిజం. మిగతా సగాన్ని కాగితం మీదికి ఎలా తెచ్చామో ఇక్కడ రాస్తున్నాను. ముంపు జాబితాలో ఉన్న గొల్ల, కురుమ కుటుంబాలకు అక్కరకు రావచ్చు.

మా మంద వానకాలం ఊరి కంచలోనూ గుట్టల మీదా మేస్తుంది, కోతలు అయ్యాక రైతుల చేలలో రాత్రిపూట మంద పెడతాము, అందుకు గింజలో డబ్బులో ముడతాయి, ఎండలు ముదిరితే కృష్ణ ఒడ్డుకో నల్లమల వైపుకో తోలుకుపోతాము. ఇందులో ఒక్క గుంట కూడా మా పేరున లేదు. ఇల్లు, పట్టా మాత్రమే లెక్కించే సర్వేలో నాయిన ఎకరంన్నర రైతుగానే మిగిలిపోయాడు.

ఇది మా ఒక్క ఊరి చిక్కేనా అని వెతికినప్పుడు చైనాలోని చింగ్‌హై సంగతి చదివాను. అక్కడ దాదాపు 58 వేల మంది పేద రైతులను టిబెటన్, మంగోల్ పశుపాలకులు ఉండే దులన్ కౌంటీకి తరలించే పథకానికి ప్రపంచ బ్యాంకు బోర్డు 1999 జూన్‌లో ఆమోదం తెలిపింది. పథకంలోని ఆ తరలింపు భాగానికి రుణం 4 కోట్ల డాలర్లు. టిబెటన్ల పక్షాన ఒక సంస్థ ఫిర్యాదు చేయగా బ్యాంకు మీద వచ్చే ఫిర్యాదులు చూసే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ విచారించి, బ్యాంకు తన సొంత నియమాలనే పాటించలేదని 2000లో నివేదించింది. ఆ జూలైలో చైనా రుణం వద్దనుకుని, పని తన డబ్బుతోనే చేసుకుంటానని చెప్పింది. పశుపాలకులకు దక్కింది ఏమిటి అన్నది నాకు అప్పుడే అనుమానంగా తోచింది: అప్పు ఇచ్చినవాడు తప్పుకుంటే ఫిర్యాదు చేసే చోటు కూడా అతనితోపాటే పోతుంది. కెన్యాలో ఓల్కారియా భూతాప విద్యుత్ కేంద్రం కోసం 2014లో తరలించిన మాసాయి కుటుంబాల విషయంలోనూ, ఆదివాసుల కోసం రాసుకున్న విధానాన్ని బ్యాంకు అమలు చేయలేదని అదే ప్యానెల్ తేల్చింది. నర్మద ఆనకట్ట నిర్వాసితుల గొడవ తరువాత 1993లో పుట్టిన ఆ ప్యానెల్‌కు మా ఊరి నుంచి అర్జీ పెట్టే వీలే లేదు, ఎందుకంటే మా జలాశయానికి ప్రపంచ బ్యాంకు రుణం లేదు. మాకు ఉన్నదల్లా 2013 భూసేకరణ చట్టమే.

ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం పునరావాస సర్వేలో భూములు, ఇళ్లతోపాటు కోల్పోయే జీవనోపాధినీ, సేకరణలో పోయే ఉమ్మడి వనరులనూ నమోదు చేయాలి. మూడో షెడ్యూల్‌లో, కొత్త ఊరిలో కల్పించవలసిన వసతుల కింద, పశువులకు తాగునీరు, మేత భూమి రెండూ ఉన్నాయి. రెండో షెడ్యూల్‌లో పశువులు ఉన్న కుటుంబానికి కొట్టం కట్టుకోవడానికి కనీసం 25 వేల రూపాయలు రాసి ఉంది. ఈ మూడూ చూపించి, భూమి సేకరిస్తామని చెప్పే 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన తరువాత 60 రోజుల గడువులోపే అభ్యంతరం దాఖలు చేశాము. పరిహారం పెంచమని అందులో ఒక్క మాట రాయలేదు. కంచను ఉమ్మడి వనరుగా, గొర్ల పెంపకాన్ని జీవనోపాధిగా నమోదు చేయమని మాత్రమే అడిగాము. అడిగేది చిన్నదైతే అధికారికి కాదనడం కష్టమని మా ఊరి పాత కరణం కొడుకు చెప్పిన సలహా అది, పని చేసింది.

అసలు శ్రమ రుజువుల దగ్గర పడింది. గొర్రెల కాపరుల సహకార సంఘం సభ్యత్వ పుస్తకాలు, పశువైద్యశాలలో నట్టల మందు, టీకాలు వేసిన రిజిస్టర్ల నకళ్లు, కంచ అనీ గైరాన్ (అదీ మేత భూమే) అనీ రాసి ఉన్న పాత పహాణీలు, అంటే భూమి రికార్డులు, మా మందను చేలలో పెట్టించుకున్న రైతుల వాంగ్మూలాలు సేకరించాము. 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీ మీద ప్రభుత్వం పంచిన పథకం జాబితా అన్నిటికన్నా ఎక్కువగా ఆదుకుంది. గొర్లు ఇచ్చింది ప్రభుత్వమే కనుక, అవి ఎక్కడ మేస్తాయని అడిగితే జవాబు చెప్పక తప్పలేదు. ఊరి నక్ష (పటం) మీద ఏ సర్వే నంబరులో ఏ నెలలు ఎన్ని మందలు మేస్తాయో ముసలివాళ్లను కూర్చోబెట్టి గుర్తులు పెట్టించాము. ఆ నక్ష లేకపోతే మిగతా కాగితాలన్నీ విడివిడి చీటీలుగానే ఉండేవి.

బహిరంగ విచారణలో పట్టాదారుల గొంతే పెద్దగా వినిపించింది, అది సహజమే. మా వంతు చివర వచ్చింది. మా పెద్దనాయిన నక్ష విప్పి నెలల వారీగా చెబుతుంటే అధికారి ఆపకుండా విన్నారు, కొన్ని ప్రశ్నలు కూడా వేశారు. తుది పునరావాస పథకంలో కంచ ఉమ్మడి వనరుగా ఎక్కింది. కొట్టాల సాయం అందింది, కొత్త కాలనీలో నీళ్ల తొట్టి కట్టారు. మేత భూమి కింద చూపించిన గుట్ట వాలు మాత్రం అటవీ హద్దును ఆనుకుని ఉంది. గొర్లు అటు పోతే సిబ్బంది వెనక్కి తోలుతున్నారు. మేత చాలక చాలామంది మందల్లో సగం గొర్లను అమ్ముకున్నారు, మేమూ అమ్ముకున్నాము.

అందుకే ఇప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టాము. అందులోని 3వ సెక్షన్ వలస పశుపాలకుల మేత హక్కును పేరు పెట్టి గుర్తిస్తుంది, కానీ షెడ్యూల్డ్ తెగలు కానివారు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో నివసిస్తూ దానిమీద ఆధారపడ్డట్టు చూపాలి. ఎండాకాలం మాత్రమే అటు పోయే మాకు ఆధారం చూపడం సులువే, నివాసం దగ్గరే చిక్కు. గ్రామసభ తీర్మానంతో దరఖాస్తు సబ్‌డివిజన్ కమిటీ దగ్గర ఉంది. పశుపాలకుల దరఖాస్తులు పరిష్కారమయ్యాయో లేదో పరిశీలించే బాధ్యతను నియమాలు జిల్లా కమిటీకి అప్పగించాయి కనుక, దాని ప్రతిని అక్కడా ఇచ్చి రసీదు తీసుకున్నాము.