పిల్లల వార్డులో పంచాక్షరి

సోమవారం, రాత్రి

ఈవేళ జపం బాగా కుదిరింది. కుదిరిందంటే మనసు ఎటూ పోలేదని కాదు. ఇడ్లీ పిండి పులిసిందో లేదోనని ఒకసారి, పెద్దాడి కాలేజీ ఫీజు దగ్గరికి ఒకసారి పోయి వచ్చింది. కానీ పోయిన సంగతి వెంటనే తెలిసింది. మునుపైతే రెండు మాలలు తిరిగాక గానీ తెలిసేది కాదు.

నాకు ఉపదేశమైంది శివపంచాక్షరి. కృష్ణయజుర్వేదం తైత్తిరీయ సంహిత నాలుగో కాండలో రుద్రం ఉంది కదా, అందులో ఎనిమిదో అనువాకంలో, అంటే ఎనిమిదో భాగంలో, "నమః శివాయ చ శివతరాయ చ" అని వస్తుంది. అందులోని "నమః శివాయ" అనే అయిదక్షరాలే నా మంత్రం. గుళ్లో అభిషేకం జరుగుతూ ఆ చోటు రాగానే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తెల్లవారుజామున స్నానం, విభూతి, దీపం. చాప మీద మడతపెట్టిన ఉన్ని శాలువా. ఈ మంత్రానికి ఋషి అయిన వామదేవుణ్ణి తలుచుకుని, మంత్రాక్షరాలతో ఒంటిని తాకుతూ న్యాసం చేసుకున్నాక మాల తీస్తాను. దాన్ని పట్టుకోవడం మా గురువుగారు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. పూస మధ్యవేలి మీద ఆనాలి, బొటనవేలు దాన్ని లోపలికి జరపాలి, చూపుడువేలు తగలకూడదు. మాల మొదలూ చివరా కలిసే మేరుపూస దాటకూడదు, అక్కడికి రాగానే మాల తిప్పి వెనక్కి రావాలి. 108 పూసలు తిరిగినా లెక్కకి వందే. ఆ ఎనిమిదీ ఉచ్చారణలోనో ధ్యాసలోనో జరిగిన లోపాలకి వదిలేస్తాం. ఈ పద్ధతి పెట్టిన పెద్దలకి మనిషి మనసు ఎంత బాగా తెలుసో!

పురశ్చరణ, అంటే మంత్రసిద్ధికి సంకల్పం చెప్పుకుని లెక్క ప్రకారం చేసే జపం, చేయాలంటే అక్షరానికో లక్ష. అయిదు లక్షల జపం, అందులో పదో వంతు హోమం, దానిలో పదో వంతు తర్పణం, ఆపైన మంత్రంతో నీళ్లు చల్లుకునే మార్జనం, భోజనాలు. రోజుకి ఇరవై మాలలు తప్పకుండా చేసినా ఒక్క జపానికే 250 రోజులు. మారే డ్యూటీలతో నేను ఆ సంకల్పం పెట్టుకోలేదు. రోజూ అదే చోటు, అదే సంఖ్య. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేయాలన్నాడు యోగసూత్రాలు రాసిన పతంజలి. ఆ మూడింటిలో కష్టమైనది ఎడతెగకపోవడమే.

పొద్దున్న పదిన్నరకి మా పిల్లల వార్డుకి విరేచనాలతో ఓ పాపని తీసుకొచ్చారు. ఏడాది కూడా ఉండదు. ఒంట్లో నీరంతా పోయి నరం పైకి తేలటం లేదు. చేతికి పట్టీ కట్టి, మణికట్టు పైన చర్మాన్ని బొటనవేలితో సాగదీసి, సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, పసుపు రంగు క్యాన్యులా తీశాను. పక్కన నాయనమ్మ ఏడుస్తోంది, "నెమ్మదిగా సిస్టరమ్మా, నీకు పుణ్యముంటాది." మంత్రం నేను మొదలుపెట్టలేదు. అప్పటికే లోపల నడుస్తోంది. ఊపిరి వదులుతూ సూది దింపాను. క్యాన్యులా వెనక రక్తపు బొట్టు కనిపించింది. నరం దొరకడం మంత్రమహిమ అనను, అది ఇన్నేళ్లు చేసిన పని. చుట్టూ అంత ఏడుపులో చెయ్యి వణకకపోవడం మాత్రం ఎక్కడిదో నాకు తెలుసు.

అన్నాల దగ్గర, కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. "అక్కా, నిజంగా మంత్రానికి శక్తులొస్తాయా?"

"వస్తాయనే యోగశాస్త్రం చెబుతుంది. యోగసూత్రాల చివరి అధ్యాయం కైవల్యపాదంలో మొదటి సూత్రమే అది. పుట్టుకతో, ఓషధులతో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో సిద్ధులు కలుగుతాయని."

"మరి నీకేం వచ్చింది?"

"పొద్దున్న ఆ పాప దగ్గర చూశావు కదా, అదే," అన్నాను. అంతకంటే నేను అడగను కూడా. ఆ పతంజలే దానికి ముందు అధ్యాయం విభూతిపాదంలో, సిద్ధులు సమాధికి అడ్డంకులని తేల్చి చెప్పాడు.

ఇంటికొస్తూ విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటో ఆగిపోతే, కావ్యకంఠ గణపతి ముని గుర్తొచ్చారు. మా వైపువారే. 1878లో బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టారు. 1900లో నవద్వీపంలో పండితుల చేత కావ్యకంఠ బిరుదు పొందారు. క్షేత్రాలన్నీ తిరిగి ఎంతో జపం చేసిన ఆ మనిషి, 1907 నవంబరు 18న అరుణాచలం కొండెక్కి, విరూపాక్ష గుహలో తనకంటే చిన్నవాడైన స్వామి పాదాలు పట్టుకున్నారు. చదవాల్సినవి చదివాను, జపం తనివితీరా చేశాను, అయినా తపస్సంటే ఏమిటో తెలియలేదు, చెప్పమన్నారు. మంత్రం జపిస్తున్నప్పుడు ఆ నాదం ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లయిస్తుంది, అదే తపస్సన్నారు స్వామి. ఆ స్వామిని భగవాన్ రమణ మహర్షి అని లోకానికి చెప్పింది గణపతి మునే. అంత చదువు, అంత సాధన ఉండి కూడా "తెలియలేదు" అని అడగగలిగారు చూడండి, ఆయన మీద నాకు అక్కడే గౌరవం.

నాకు తెలిసినంతలో స్వామి చెప్పిన ఆ మాట ఇలా పనిచేస్తోంది. పైకి అనడం ఆపి, పెదవుల మీదికి వచ్చి, తర్వాత నోరు మూసి జపిస్తున్నా, నాలుక మొదట్లో చిన్న కదలిక ఉంటుంది. దాన్నే పట్టి చూస్తే అది సర్దుకుంటుంది. అయినా మంత్రంలోని 'న' వినిపిస్తూనే ఉంటుంది. నాలుకది కాకపోతే అది ఎక్కడిది? అక్కడ కాసేపు నిలబడగలిగితే చాలు, ఛాతీలో ఏదో బరువు దిగినట్టుంటుంది. కానీ ఆ సమయంలో పూసలు ఆగిపోతాయి, లెక్క తప్పుతుంది.

లెక్కెందుకు, వదిలేయమనేవాళ్లున్నారు. నేను వదలను. మనసు బొత్తిగా రాని రోజున నన్ను ఆసనం మీద కూర్చోబెట్టేది ఆ లెక్కే. సంఖ్య పూర్తయ్యాక మాల దాని సంచి గోముఖిలో పెట్టేసి, పాలవాడు వచ్చేదాకా లెక్క లేకుండా కూర్చుంటున్నాను. ఆ నాదం వెంట పోవడం అప్పుడే.

రేపటి నుంచి నైట్ డ్యూటీ. వార్డులో మాల తీయను, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టే కరమాల చాలు. ఉంగరపువేలి నడిమి కణుపు దగ్గర మొదలుపెట్టి, చిటికెనవేలు చుట్టి పైనుంచి వచ్చి, చూపుడువేలి అడుగు కణుపు దగ్గరికి వస్తే పది. మిగతాది పొద్దున్న ఇంటికొచ్చి స్నానం చేశాక. ఈ నైట్‌ల వారం తెల్లవారుజాముకి బదులు ఏ వేళ పట్టుకోవాలో గురువుగారికి ఫోన్ చేసి అడగాలి.