రెండు బనియన్లు

వైజాగ్‌లో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, ఎండ కంటే ఉక్కపోతే చంపేస్తుంది, స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ చెమట. అలాంటి మే నెలలో కూడా మా తమ్ముడు షర్టు లోపల రెండు బనియన్లు వేసుకునేవాడు. పైన వాడి సైజుది, దాని కింద రెండు సైజులు చిన్నది, ఊపిరి పట్టేసేంత బిగుతుగా. తొమ్మిదో క్లాసు నుంచి 24 ఏళ్లు వచ్చేదాకా ఇదే. దండెం మీంచి ఆ బనియన్లు తీసి మడతపెట్టింది నేనే, అయినా ఇంత చిన్నది ఎందుకురా అని ఒక్కరోజు కూడా అడగలేదు. వాడిని అడిగే రాస్తున్నాను ఇదంతా, పేరు మాత్రం వద్దన్నాడు.

వాడికున్నది గైనకోమాస్టియా. మగవాళ్లకి ఛాతీ దగ్గర గ్రంథి పెరిగి ఆడవాళ్లకున్నట్టు కనిపించడం. ఈడొచ్చే వయసులో హార్మోన్ల తేడా వల్ల చాలామంది మగపిల్లలకి కొద్దో గొప్పో వస్తుంది, ఎక్కువమందికి రెండు మూడేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది, కొందరికి ఉండిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గ్రంథి గట్టిపడిపోతుంది, ఇక ఎన్ని పుషప్స్ తీసినా పోదు, ఎందుకంటే అది కొవ్వు కాదు. జిమ్‌కెళ్తే పోతుంది కదా అని సలహా ఇచ్చినవాళ్లు ఎంతమందో, వాడు మూడేళ్లు వెళ్లాడు, చుట్టూ ఉన్న కొవ్వు కరిగిపోయి అది ఇంకా బాగా బయటపడింది.

వాడు పరవాడ ఫార్మాసిటీలో ప్రొడక్షన్‌లో చేస్తాడు. లోపలికెళ్లే ముందు చేంజ్ రూమ్‌లో అందరూ బట్టలు తీసి కంపెనీ డ్రెస్ వేసుకోవాలి. వీడు అందరూ వెళ్లిపోయేదాకా బాత్రూమ్‌లో నిలబడేవాడట, రోజూ నాలుగైదు నిమిషాలు లేటు, దానికి సూపర్‌వైజర్‌తో రోజూ మాటలు పడటం. ఫ్రెండ్స్ రుషికొండలో సముద్రంలోకి దిగితే వీడు గట్టు మీద అందరి ఫోన్లకీ చెప్పులకీ కాపలా. పుట్టి పెరిగింది సముద్రం పక్కన, ఏనాడూ షర్టు విప్పి నీళ్లలోకి దిగలేదు.

చివరికి ఆ గ్రంథి తీయించేసుకున్నాడు, ఆ ఆపరేషన్ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫ్రెండ్స్‌తో అరకు వెళ్తున్నానన్నాడు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న అటక మీద డబ్బా దించరా అంటే చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు, అప్పుడు పట్టుకున్నాను. షర్టు విప్పించి చూస్తే ఛాతీ చుట్టూ బిగుతైన నల్ల ప్రెషర్ వెస్ట్, దాని అంచుల్లో పసుపూ ఊదా కలిసిన కమిలిన మచ్చలు. రక్తం, నీరు బయటికి రావడానికి పెట్టిన సన్న ట్యూబులు ముందురోజే తీశారట. జనరల్ అనస్థీషియా ఇచ్చి చేసే ఆపరేషన్, పక్కన ఇంటి మనిషి ఒక్కళ్లు లేరు, సంతకం కోసం రూమ్మేట్‌ని తీసుకెళ్లాడు. ఎందుకు చెప్పలేదురా అంటే "చెప్తే ఏమంటారో నాకు ముందే తెలుసక్కా" అన్నాడు. అన్నట్టే అయింది. పెద్దమ్మకి తెలిసి విజయనగరం నుంచి ఫోన్ చేసి, "ఏటిరా ఇది, దేవుడిచ్చిన ఒళ్లు కోయించుకోడమేటి, మగాడివి నీకేటి సోకు" అని అరగంట.

పెద్దమ్మంటే నాకు ప్రాణం, కానీ ఆ మాట నాకు నచ్చలేదు. మా పెద్దమ్మకి బరువు బుట్టలు పెట్టి పెట్టి కుడి చెవి తమ్మె తెగి రెండుగా వేలాడేది, వాళ్లమ్మాయి పెళ్లికి ముందు డాక్టర్ దగ్గర కుట్టించుకుంది, మళ్లీ పక్కన కొత్తగా చిల్లు పెట్టించుకుని అవే బుట్టలు పెట్టుకుంది. మన ఇళ్లల్లో ఎంతమంది ఆడవాళ్లు చేయించుకోలేదు అది? దాన్ని ఎవరూ సోకు అనలేదు, అనకూడదు కూడా. సుశ్రుత సంహితలోనే తెగిన చెవి తమ్మెలు అతకడానికి 15 పద్ధతులు చెప్పారు, కోసేసిన ముక్కుని మళ్లీ కట్టడం కూడా అందులోనే ఉంది. మన దేశంలో నుదుటి చర్మం తిప్పి ముక్కు కట్టే పద్ధతి గురించి 1794లో లండన్ పత్రికలో వస్తే అది చదివి అక్కడి సర్జన్లు నేర్చుకున్నారు. తెగిన ముక్కుతో నలుగురిలోకి వెళ్లలేకపోవడం కూడా బాధేనని అంత పాతకాలంలోనే మనవాళ్లకి అర్థమైంది.

అవసరం వేరు, సోకు వేరు అంటారా, ఆ గీత ఎక్కడ గీస్తారు? జీఎస్టీ వాళ్లు గీశారు. వైద్యానికి మామూలుగా పన్ను లేదు గానీ కాస్మెటిక్ సర్జరీకి, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి 18 శాతం, పుట్టుకతో వచ్చిన లోపమో ఎదుగుదలలో వచ్చిన తేడానో దెబ్బో అయితే మినహాయింపు. మావాడి బిల్లులో 18 శాతం పడింది, కంపెనీ ఇన్సూరెన్స్ రాదన్నారు. పదేళ్లు బనియన్ మీద బనియన్ వేసుకుని తిరిగినవాడిది ఎదుగుదలలో వచ్చిన తేడా కాకపోతే ఇంకేంటో నాకు అర్థం కాలేదు.

భయం లేదని నేననను. హీరోయిన్ ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది, 31 ఏళ్లు, దానికి కొన్ని వారాల ముందే లైపోసక్షన్, అంటే ఒంట్లో కొవ్వు తీయించుకునే ఆపరేషన్, చేయించుకుంది. అంతకుముందు టీవీ ముందు కూర్చుని "ఎంత లావైపోయిందో" అన్నది మా ఇంట్లోవాళ్లమే, పోయాక "ఎందుకు చేయించుకుందో ఖర్మ" అన్నదీ మేమే. ఆ రెండు మాటలూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మావాడు కూడా మొదట ఫోన్లో యాడ్ చూసి ఒక చోటికి వెళ్లాడట. సర్జన్ ఎవరో చెప్పరు, టెస్టులు రాయరు, ఈరోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారట. వాడి అదృష్టం బాగుండి బయటికొచ్చేశాడు, తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పెద్ద డిగ్రీ చేసిన డాక్టర్‌ని వెతుక్కున్నాడు, ఆయన హార్మోన్ టెస్టులు, స్కానింగ్ అన్నీ చేయించాకే డేట్ ఇచ్చారు. ఇంట్లో చెప్పుకునే వీలుంటే ఆ మొదటి చోటికి నేనూ వెళ్లేదాన్ని, డాక్టర్ పేరేంటి, డిగ్రీ ఏంటి, రాత్రి ఏమైనా అయితే ఐసీయూ ఉందా అని నేను అడిగేదాన్ని. మనం తిడతామని పిల్లలు మానేయడం లేదు, మనకి చెప్పకుండా ఒంటరిగా వెళ్తున్నారు. నా బాధంతా అదే.

ఆరు వారాలు వెస్ట్ వేసుకున్నాడు. రోజూ రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరబెట్టింది అమ్మ, ఒక్క మాట అనలేదు, కానీ బంధువులు అడిగితే "గడ్డ ఉంటే తీయించాం" అనే చెప్తుంది ఇప్పటికీ. మొన్న మద్దిలపాలెంలో గృహప్రవేశానికి వెళ్తే ఎవరో అడిగారు, అమ్మ మళ్లీ గడ్డ అనబోతుంటే నేనే ఉన్నదున్నట్టు చెప్పేశాను, వాడు పక్కనే ఉన్నాడు, తల దించుకోలేదు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే దగ్గర దూరపు బంధువు ఒకాయన మెల్లగా వచ్చి "అమ్మా, ఆ డాక్టర్ నంబర్ ఇస్తావా" అన్నారు. వాళ్లబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్ట్ ఇయర్. ఇప్పుడే ఆపరేషన్ అనుకోకండి బాబాయ్, ఈ వయసులో చాలామందికి తగ్గిపోతుంది, ముందు డాక్టర్‌కి చూపించి టెస్టులు చేయించండి, ఈలోపు ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకుండా చూడండి అన్నాను. నంబర్ సేవ్ చేసుకుని కాసేపు అక్కడే నిలబడ్డారు. వాళ్లబ్బాయి కూడా రెండు బనియన్లు వేసుకునే కాలేజీకి వెళ్తున్నాడట.