ఆకు వడలితే ముందు మట్టిని చూడండి

హన్మకొండలో మేముండే ఇంటి ముందుగది కిటికీ పడమర వైపు ఉంటుంది. గత మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో అక్కడ పెట్టిన పీస్ లిల్లీ ఆకులు మధ్యాహ్నానికల్లా వేలాడిపోయేవి. దాహమేమోనని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు పోశాను. రెండు వారాలకు ఆకులు పసుపుబారి, కాడలు మొదళ్ళ దగ్గర మెత్తబడ్డాయి. కుండీ బోర్లిస్తే మురుగు వాసన వచ్చింది. గోధుమరంగుకు తిరిగిన ఒక వేరును మెల్లగా లాగితే పైపొర ఊడి చేతికొచ్చి, లోపల దారంలాంటి పోగు మాత్రమే మిగిలింది.

ఆ మొక్క ఊపిరాడక చచ్చిపోయింది. మట్టిలోని సందులన్నీ ఎప్పుడూ నీటితో నిండి ఉంటే వేరుకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు కనుక ఆకు మరింత వడలుతుంది, అది చూసి మనం మరిన్ని నీళ్ళు పోస్తాం.

పీస్ లిల్లీ, మాన్‌స్టెరా వంటివి అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో, పెద్ద చెట్ల నీడన, తేమగాలిలో పెరిగే జాతులు. మన వడగాడ్పులో ఆ తేమ ఉండదు కాబట్టి మట్టి తడిగా ఉన్నా ఆకు వాలిపోవచ్చు. అప్పుడు చేయవలసింది కుండీని తూర్పు కిటికీ దగ్గరకో, కూలర్ నడిచే గదిలో గాలి నేరుగా తగలని మూలకో మార్చడం. చూపుడువేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే నీళ్ళు పోయాలి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్లకు మట్టి పూర్తిగా ఎండేదాకా ఆగాలి.

చుట్టుపక్కల చేలలో దొరికే నల్లరేగడి పత్తికి మేలైనదే గానీ కుండీలో నీటిని పట్టి ఉంచుతుంది. నేను రెండు పాళ్ళు ఎర్రమట్టికి ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు కలుపుతాను.

మా బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, డ్రసీనా ఆకుల కొనలు మాడుతాయి. బకెట్‌లో రాత్రంతా నిలవ ఉంచితే సరిపోతుందని చాలామంది అంటారు గానీ, దానివల్ల క్లోరిన్ పోతుందే తప్ప ఉప్పులు పోవు. అందుకే వానాకాలంలో డాబా మీది నీటిని డ్రమ్ముకు పట్టి, సున్నితమైన మొక్కలకు అదే వాడుతున్నాను.

ఆకు అడుగున దూదిలాంటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం చల్లుతాను. పసిపిల్లలున్న ఇళ్ళలో మనీ ప్లాంట్, డీఫెన్‌బేకియా కుండీలను చేతికందని ఎత్తులో పెట్టండి. ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది.

ఈ జూన్‌లో కొత్త పీస్ లిల్లీ తెచ్చి తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. ఇప్పుడు చెంబు పట్టుకునే ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాను.