మేక్‌ఫైల్ లేని పాత సి ప్రోగ్రాం

1980ల నాటి సి సోర్సు, పక్కన దాని లైబ్రరీ ఫోల్డరు. ఏ ఫైలుని ఎలా కంపైల్ చేసి కలపాలో చెప్పే మేక్‌ఫైల్ మాత్రం లేదు. కంగారు పడక్కర్లేదు. అందులో ఉండాల్సిన సమాచారం చాలావరకు సోర్సులోంచీ, లింకర్ (కంపైలైన ముక్కల్ని ఒక్క ప్రోగ్రాంగా కలిపేది) తిట్లలోంచీ రాబట్టొచ్చు.

ముందు ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్‌తో, ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ ఎక్కడుందో వెతకండి. లైబ్రరీ ఫోల్డర్లో కూడా ఒకటి తగిలితే అది బహుశా టెస్టు ప్రోగ్రాం, పక్కన పెట్టండి. డాట్ వై, డాట్ ఎల్ ఫైళ్లుంటే ముందు వాటినుంచి సి కోడ్ పుట్టించే బైసన్, ఫ్లెక్స్ నడపాలి. బైసన్‌కి మైనస్ వై, మైనస్ డి రెండూ ఇస్తేనే పాత కోడ్ అడిగే పేర్లతో ఫైళ్లు వస్తాయి.

తర్వాత లైబ్రరీ. ఒక్కో ఫైలునీ జీసీసీ కంపైలర్‌కి మైనస్ సి ఆప్షన్ ఇచ్చి విడిగా కంపైల్ చేయండి. అన్నీ ఒకే కమాండులో కుక్కితే ఏ తప్పు ఎవరిదో తెలియదు. హెడర్లు (డాట్ హెచ్ ఫైళ్లు) వేరేచోట ఉంటే ఆ చోటు చెప్పడానికి పెద్ద ఐ ఆప్షన్. కంపైలైన డాట్ ఓ ఫైళ్లన్నీ వచ్చాక ఏఆర్ కమాండుకి ఆర్‌సీఎస్ ఇచ్చి, వాటన్నిటినీ ఒకే లైబ్రరీ ఫైలుగా, అంటే ఆర్కైవ్‌గా కట్టండి. ఆ ఎస్ సూచికను తయారుచేస్తుంది కాబట్టి రాన్‌లిబ్ మళ్లీ అక్కర్లేదు.

అసలు తలనొప్పి కొత్త కంపైలర్. డిక్లరేషన్ (ఏం తీసుకుని ఏమిస్తుందో చెప్పే లైను) లేని ఫంక్షన్ని పిలిస్తే జీసీసీ 14 నుంచి ఎర్రర్. జీసీసీ 15 నుంచి డిఫాల్ట్ సి భాష కొత్త రూపం సి23, అందులో ఖాళీ బ్రాకెట్లంటే ఆర్గ్యుమెంట్లు లేవనే అర్థం. ఎస్‌టీడీ ఆప్షన్‌కి పాత రూపమైన జీఎన్‌యూ89 ఇస్తే ఈ గోల చాలావరకు సద్దుమణుగుతుంది. కానీ వార్నింగులు చూపే మైనస్ వాల్ లేకుండా అలా వదిలేయకండి. స్టడ్‌లిబ్ హెడర్ లేకుండా, పాయింటర్ (మెమరీ చిరునామా) ఇచ్చే గెట్‌ఎన్వ్ పిలిస్తే, అది ఇంట్ (మామూలు పూర్ణాంకం) ఇస్తుందని కంపైలర్ అనుకుంటుంది. 64 బిట్ యంత్రంలో పాయింటర్ 8 బైట్లు, ఇంట్ 4. పైసగం తెగిపోతుంది. ఎర్రర్ లేకుండానే కంపైల్ అవుతుంది, నడపగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్. లైబ్రరీలో పాయింటర్ ఇచ్చే సొంత ఫంక్షన్లదీ ఇదే గతి. వార్నింగ్ వచ్చిన ప్రతిచోటా హెడరో, ఒక లైను డిక్లరేషనో పెట్టాల్సిందే.

పాత కోడ్‌లో సొంత గెట్‌లైన్ ఉంటే స్టడ్‌ఐఓలోని దానితో గొడవ. జీఎన్‌యూ89 బదులు, దాని అదనపు చేర్పులు లేని సి89 ఇస్తే ఆ గొడవ పోతుంది, కానీ పాయింటర్ ఇచ్చే పీఓపెన్ డిక్లరేషన్ కూడా మాయమై మళ్లీ పాయింటర్ తెగుతుంది. పేరు మార్చడమే మేలు.

లింక్ దగ్గర మల్టిపుల్ డెఫినిషన్ అంటే, ఎక్స్‌టర్న్ లేని గ్లోబల్ వేరియబుల్ ఏదో హెడర్లో కూర్చుందన్నమాట. జీసీసీ 10 నుంచి దీన్ని ఒప్పుకోదు. ఎఫ్‌కామన్ ఆప్షన్‌తో లైబ్రరీతో సహా అన్నీ మళ్లీ కంపైల్ చేయాలి, లింకప్పుడు ఇస్తే ఉపయోగం లేదు.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తే, ఓ ఫైళ్లలోని పేర్లు చూపే ఎన్ఎమ్ కమాండు నడిపి చూడండి: టి ఉన్న ఫైల్లో ఆ ఫంక్షన్ ఉంది, యు ఉన్న ఫైలు దాన్ని అడుగుతోంది. ఎవరిదగ్గరా టి లేకపోతే అది బయటి లైబ్రరీది. స్క్వేర్‌రూట్ అయితే గణిత లైబ్రరీని కలిపే ఎల్ఎమ్ ఆప్షన్, టీజీఈటీఈఎన్‌టీ అయితే టెర్మినల్ లైబ్రరీ ఎన్‌కర్సెస్. లింకర్ ఎడమనుంచి కుడికి చదువుతూ, అప్పటికి అవసరమైనవే ఆర్కైవ్‌లోంచి తీసుకుంటుంది. అందుకే ముందు ఓ ఫైళ్లు, తర్వాత మన లైబ్రరీ, చివర ఎల్ఎమ్. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి అడుగుతుంటే మొదటిదాన్ని మళ్లీ చివర రాయండి.

కొన్నిటికి ఆప్షన్ల వైద్యం లేదు. ఎక్స్‌టర్న్ ఇంట్ ఎర్‌నో అనే లైను తీసేసి ఎర్‌నో హెడర్ పెట్టాలి. ఆర్గ్యుమెంట్ల సంఖ్య మారే ఫంక్షన్లకు వాడిన పాత వర్ఆర్గ్స్ హెడర్‌ని స్టడ్‌ఆర్గ్‌లోకి తిరగరాయాలి. కోట్స్‌లోని స్ట్రింగ్‌ని నేరుగా ఎంకెటెంప్‌కి (తాత్కాలిక ఫైలు పేరు తయారుచేసే ఫంక్షన్) ఇస్తే, రాయకూడని మెమరీలో రాయబోయి ప్రోగ్రాం కూలుతుంది. దీనికి ఒకప్పుడుండే ఆప్షన్‌ని జీసీసీ 4.0లోనే తీసేశారు. ఆ స్ట్రింగ్‌ని క్యారెక్టర్ అరేలో పెట్టి ఇవ్వండి.